కాగితం లేని కౌలు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో పత్తి, మిరప పండించేవారిలో ఎందరికో సెంటు సొంత భూమి లేదు. ఎకరానికి ఇంతని నగదు కౌలు మాట్లాడుకుని, తరచు విత్తనం వేయకముందే చెల్లిస్తారు. అంత సొమ్ము చేతులు మారినా మధ్యన చిత్తుకాగితమైనా ఉండదు. ఇందుకు కౌలుదారును కాపాడవచ్చిన చట్టమే కొంత కారణమంటే వింతగా తోచవచ్చు.

1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టాన్ని 1974లో సవరించారు. కౌలు గడువు కనీసం ఆరేళ్లు ఉండాలన్నారు. కౌలు బకాయిపడ్డాడనో, భూమిని పాడుచేశాడనో, మరొకరికి కౌలుకిచ్చాడనో ప్రత్యేకాధికారి ఎదుట రుజువు చేస్తే తప్ప రైతును తొలగించరాదన్నారు. ఏటేటా ఆసామి దయ మీద బతికే వానికి ఆ మాత్రం భరోసా అవసరమే. కాని ఊళ్లో జరిగింది వేరు. ఆసాములు రాతకోతలు మానుకున్నారు. రెండు మూడేళ్లకొకసారి రైతును మార్చడం అలవాటు చేసుకున్నారు. 2022లో మన మండలాలు ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి గాని, కౌలు తీరు మాత్రం పాతదే.

భూయజమానులందరినీ ఒకే గాటన కట్టలేము. రెండెకరాలు కౌలుకిచ్చి ఆ డబ్బుతో ఇల్లు గడుపుకునే వితంతువు ఉన్నది, కూలిపనికో ఉద్యోగానికో ఊరు విడిచిన చిన్న రైతు ఉన్నాడు. కాగితం రాసిస్తే పొలం పోతుందన్న భయం వీరికీ ఉన్నది. దానిని దురాశ అనడం న్యాయం కాదు.

అయితే ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది కౌలు రైతు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద జాతీయ రహదారిపైనే రాకపోకలు నిలిచిపోయాయి. అటువంటి ముంపులో పైరు పోతే పెట్టుబడి కౌలుదారుది. నష్టం రాసుకునే వేళ అతనే సాగు చేశాడనడానికి ఆధారం లేకపోతే, పరిహారం పాసుపుస్తకం ఉన్నవారి పేరున పోతుంది. బ్యాంకు అప్పు సంగతీ అంతే. ఇక మిగిలేది పురుగుమందుల కొట్టులో అరువు, దానిపై వడ్డీ.

2011లో రుణ అర్హత కార్డులు, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం ఈ చిక్కు విప్పడానికి వచ్చినవే. ఒప్పందం 11 నెలలకే, దానివల్ల భూమిపై హక్కు రాదు అని 2019 చట్టం చెప్పింది. కాని యజమాని సంతకం కావాలన్నది. భయపడే మనిషినే సంతకం అడిగితే ఎందరు పెడతారు?

ఖరీఫ్ దుక్కులకు ముందే రెవెన్యూ, వ్యవసాయ, బ్యాంకు అధికారులు ఊరూరా గ్రామసభ పెట్టి, ఆ పత్రం పంటకే గాని పొలానికి కాదని ఆసాములకు చదివి వినిపించాలి. అప్పటికీ సంతకం పెట్టనివారి పొలాల్లో, సరిహద్దు రైతుల సాక్ష్యంతో సాగుదారు పేరు పంట నమోదులో రాయాలి. కౌలుదారులు కూడా సొమ్ము కట్టినప్పుడు రసీదు అడగాలి, గడువు తీరితే పొలం అప్పగించాలి.