బంతి వెంట బ్రతుకు



మొన్న మాఘమాసమున నొకనాటి సాయంకాలము మా నాదెండ్లలో మా వీధివారి కోడలొకతె కొంగుచాటున నేదో దాచుకొని మా యింటికి వచ్చినది. ఉప్పో పప్పో బదులు తీసికొని తిరిగి యిచ్చుటకు వచ్చినదనుకొంటిని. కొంగు తీయగా లోపల దుమ్ముకొట్టుకొన్న కాలిబంతి! "అక్కయ్యగారూ, దీనిని మీ అటకమీద పారవేయండి. మావాడు పదవతరగతిలోనికి వచ్చినాడు. పుస్తకము ముట్టడు. పెద్దయైన తరువాత బంతి ఆడియే బ్రతుకుదునని వాదించుచున్నాడు. మీరు చదివినవారు గదా, చెప్పండి. మన తెలుగువా డెవడైనను బంతిని తన్ని అన్నము తిన్నాడా?" అని యడిగినది.

నేను తొందరపడి, "తిన్నాడమ్మా, ఫ్రాన్సుదేశములో నొకడు తిన్నాడు" అంటిని. ఆ మాట ఎంతవరకు నిజమో విడదీసి చెప్పవలసిన భారము పిమ్మట నాపై బడినది. ఆమెకు చెప్పినదే ఈ నెల మీకును వ్రాయుచున్నాను.

అతని పేరు వికాశ్ దొరసూ. 1973వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీని, ఫ్రాన్సు ఉత్తరతీరమున లె హావ్రు రేవుపట్టణము నానుకొనియున్న హార్‌ఫ్లర్ అను నూరిలో జన్మించెను. వారిది మారిషసు ద్వీపమునుండి వచ్చిన కుటుంబము, పూర్వులు తెలుగువారు. తెలుగువారికిని నడిసముద్రములోని యా దీవికిని పొత్తెట్లు కుదిరినదని మీరడుగవచ్చును. ఇంగ్లీషువారు తమ రాజ్యములలో బానిసత్వమును రద్దుచేసిన కాలమున చెరకుతోటలలో పనిచేయుటకు మనుష్యులు కావలసివచ్చిరి. 1834 మొదలుకొని కూలి ఒడంబడికలపై మన దేశపు జనమును ఓడలకెక్కించి మారిషసునకు కొనిపోయిరి. ఇరువదవ శతాబ్దారంభమునాటికి అట్లు దిగినవారు దాదాపు అయిదు లక్షలు. గోదావరి మొగను ఉన్న కోరంగి మొదలగు రేవులనుండి పోయిన తెలుగువారు అందు గలరు; కడుపు చేతబట్టుకొని ఎక్కిన స్త్రీలును గలరు. పేరడిగిన గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసికొన్నదే అనేకులకు తరతరముల ఇంటిపేరైనది. 'దొరసూ' అను పేరు చదివినపుడెల్ల నా చెవికి మన 'దొర' శబ్దమే వినవచ్చును. నేటికిని ఆ దీవిలో ఉగాది ప్రభుత్వపు సెలవుదినము.

ఇక ఆట సంగతి. లె హావ్రు క్లబ్బు 1872లో పుట్టినదని చెప్పుకొందురు. ఫ్రాన్సున కెల్ల పాతదని పేరు. వికాశ్ ఆ క్లబ్బుననే పెరిగి 1993లో పెద్దజట్టున చేరెను. మనిషి పొట్టి. మైదానము నడుమ నిలిచి, బంతిని పోనీయక పట్టి, ముందున్న తనవారికి అందిచ్చుట అతని పని. గోలు కొట్టినవానికి చప్పట్లు గాని, అందిచ్చినవాని పేరు ఇంటికి పోవులోపల మరతురు. వంటయింటివారమైన మనకు ఈ సంగతి విస్తరించి చెప్పనక్కరలేదు.

1998లో అతడు లియోన్ నగరపు క్లబ్బునకు మారెను. నడుమ నొక యేడు బోర్డో క్లబ్బునకు అరువుగా పంపిరి. అరువన్న మాట చూచి నవ్వకుడు. ఆ లోకమున మనిషిని గిన్నెవలె అరువిచ్చి తెప్పించుకొనుట వాడుక. 2003, 2004 సంవత్సరములలో లియోన్ ఫ్రాన్సు పోటీలలో ప్రథమస్థానము గెలిచినపుడు అతడు ఆ జట్టులో నుండెను. పిమ్మట ఇటలీలోని మిలాన్. అచ్చట ఆడినదానికంటె బల్లమీద కూర్చున్నదే హెచ్చు. 2005లో పారిస్ క్లబ్బునకు వచ్చెను. 2006 ఏప్రిల్ 29వ తేదీని ఫ్రెంచి కప్పు కడపటి పోటీ. ఎదుట మార్సేయి జట్టు. ఆ రెండు నగరములకు గల వైరము మన పలనాటివారికి బోధపడునంత గట్టిది. అందు పారిస్ 2–1గా గెలిచినది. ఆ రెండవ గోలు దూరమునుండి కొట్టినవాడు మన వికాశ్. అందిచ్చుటకే అలవాటుపడిన కాలు ఆనాడు తానే పని ముగించినది.

అదే వేసవిని జర్మనీలో ప్రపంచకప్పు జరిగెను. ఫ్రాన్సు జట్టున అతనికి చోటు దొరకినది. స్విట్జర్లండుతోడి ఆటలో ముగింపునకు కొన్ని నిమిషములముందు దిగెను; దక్షిణ కొరియాతో ఆడినపుడును అంతే. ఆ పైన దిగుమన్న పిలుపు రాలేదు. జట్టు గెలుచుచు గెలుచుచు జూలై 9వ తేదీని బెర్లినులో కడపటి పోటీవరకు పోయి ఇటలీచేత నోడినది. ఇతడు బల్లమీదనే కూర్చుండి చూచెను. పీట వేసి, విస్తరి వేయక, పంక్తిలో కూర్చుండబెట్టినట్లయినది.

ఆ దినములలో అతడు చేసిన పని యొకటి నాకు ఆటకంటె హెచ్చుగా నచ్చినది. ఫ్రెద్ పూలే అను మిత్రునితో గలిసి, సూపర్-8 అను చిన్న కెమెరాతో తన బసగదులను, దారులను, ఏమియు జరుగని గంటలను చిత్రించుకొనెను. అది 'సబ్‌స్టిట్యూట్' అను పేర 2007లో తెరకెక్కినది. సబ్‌స్టిట్యూట్ అనగా ఇంకొకనికి బదులుగా దిగుటకు సిద్ధముగా నుంచిన ఆటగాడు. గెలిచినవారి కథలు చెప్పువారు కోకొల్లలు. పిలుపు రానివాడు తన యెదురుచూపును తానే లోకమునకు చూపుటకు కొంత గుండె కావలెను. సిగ్గుపడి దాచుకొనదగినదే యని అతడనుకొనలేదు.

వచ్చిన కీడు ఆ పైని వచ్చినది. శిక్షకునిపై పత్రికలలో విమర్శలు పలికెననియు, రెండవజట్టులో ఆడుటకు నిరాకరించెననియు దోషము మోపి 2006 అక్టోబరులో పారిస్ క్లబ్బువారు అతనిని కొలువునుండి తీసివైచిరి. ఫ్రాన్సున 1973లో ఆటగాండ్రకు ఒడంబడిక నియమములు ఏర్పడిన పిమ్మట ఒక క్లబ్బు అట్లు తీసివేసిన మొదటివాడు ఇతడే యని వ్రాసిరి. కప్పు గెలిపించిన గోలునకు ఆరు నెలలు నిండకమునుపే! యజమానిని వీధిలో నిందించుట నేను మెచ్చను. అయినను ముప్పదిమూడేండ్ల వయస్సున వృత్తి ముగియుట చూడగా నాకు కష్టము తోచినది. మన బడిపంతుళ్లు ఆ వయస్సునకు ఉద్యోగమున కుదురుకొందురు. తరువాత ఇటలీలో లివోర్నో క్లబ్బు చేర్చుకొన్నది గాని ఒక్క ఆటయు ఆడనియ్యలేదు. 2008లో ఆట విరమించెను.

ఆ వెనుక అతడు పేకాటలో, పోకరు అను దానిలో దిగెనని వ్రాయుటకు నా కలము జంకుచున్నది. పేకముక్కలు ఎన్ని పుస్తెలు తెంపినవో మన ఊళ్లలో ఎరుగనివారు లేరు. 2020లో పారిస్ పురపాలక ఎన్నికలలోను నిలిచెను. ఫ్రాన్సు తరఫున ఆడినవి మొత్తము 18 ఆటలు. కొట్టినది ఒక్క గోలు, 2005లో సైప్రసుపై.

ఇంత విని ఆ తల్లి, "అయితే అతడు మనవాడేనా?" అన్నది. ఏమి చెప్పుదును? నూరేండ్లకు పైగా మనము ఉత్తరము వ్రాయలేదు, క్షేమమడుగలేదు. ఆడించినది లె హావ్రు, అన్నము పెట్టినది ఫ్రాన్సు. గెలిచినపుడు మాత్రము మనవాడనుట నాకు ఒప్పలేదు. బల్లమీద కూర్చున్నపుడును మనవాడనగలిగిన అననిమ్ము.

తెలుగునేలపైననే బంతి ఆడి పేరుగాంచినవారు లేకపోలేదు. సయ్యద్ అబ్దుల్ రహీంగారు తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసుజట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవస్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. పోలీసుజట్టువారికి పోలీసుకొలువు ఉండెను. కాలు నొచ్చినను ఇల్లు గడచెను. వికాశ్ వంటివానికి ఆ కాలే పొలము, ఆ కాలే పంట. అబ్బాయికి ముందుగా తెలుపవలసినది ఈ భేదమే యని ఆమెకు చెప్పితిని. పదవతరగతి పూర్తిచేసిన పిల్లవానికి కాలు చెడినను చేయి మిగులును.

మరియొక సంగతియు చెప్పితిని. నిజామాబాదు ప్రాంతమున ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య అను పిల్ల భారత స్త్రీలజట్టున ఆడి, 2022లో క్రొయేషియాదేశపు దినామో జాగ్రెబ్ క్లబ్బున చేరినది. అది విని ఆ తల్లి కొంతసేపు మాటాడలేదు.

బంతి మా అటకమీదనే యున్నది. పరీక్షలు ముగియువరకు ఆదివారము సాయంకాలము మాత్రము ఇచ్చుటకు ఒప్పందము. మొన్న ఆదివారము అబ్బాయి దానికై వచ్చినపుడు వాని చెల్లెలును వెంట వచ్చినది.