కంబాలకొండలో చిన్న నడక.. లెక్క లేకుంటే చిక్కే

విశాఖపట్నం: ఆదివారం తెల్లవారగానే కొండదారి పట్టి, భోజన వేళకు ఇల్లు చేరడం నగర శివార్లలో అలవాటుగా మారుతోంది. వెళ్లిన దారినే వెనుదిరగకుండా, మరో దారిన చుట్టి బయలుదేరిన చోటికే వచ్చే ఐదారు కిలోమీటర్ల నడకపై యువతకు మక్కువ ఎక్కువ. అయితే దూరం తక్కువన్న ధీమాతో ఏ ఆలోచనా లేకుండా అడవిలో అడుగుపెట్టడం ఆందోళన కలిగిస్తున్న అంశం.

సింహాచలం గిరి ప్రదక్షిణతో పోల్చి చూస్తే ఈ నిర్లక్ష్యం స్పష్టమవుతుంది. ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి ప్రారంభించే ఆ నడక 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం మీదుగా సాగే దారిలో మంచినీరు, వైద్య శిబిరాలు, పోలీసు బందోబస్తు ఏర్పాటవుతాయి. మోకాళ్ల నొప్పులున్నవారు ముందు నుంచే నడక సాధన చేస్తారు. 32 కిలోమీటర్లకు ఇంతగా సిద్ధపడే నగరం, ఐదు కిలోమీటర్ల అడవికి ఒక్క నీళ్ల సీసాతో సరిపెట్టుకుంటోంది. ప్రదక్షిణలో కాలు బెణికితే పదిమంది పట్టుకుంటారు. అడవిలో ఆ పదిమంది ఉండరు.

కంబాలకొండ ఉద్యానవనం కాదన్న సంగతి మొదట గ్రహించవలసి ఉంది. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని 2002లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చిరుత, దుప్పి, నక్క తదితర జంతువులకు ఇది ఆవాసం. జాతీయ రహదారికి ఒకవైపు జంతు ప్రదర్శనశాల, మరోవైపు అభయారణ్యం. జూలో పులికి ఊచలున్నాయి, ఎదుటి కొండపై చిరుతకు లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేని ప్రవేశం నేరం. అభయారణ్యంలో చెత్త వేయడాన్ని సైతం ఆ చట్టంలోని 27వ సెక్షన్ నిషేధిస్తోంది. కనుక గేటు వద్ద టికెట్ తీసుకోవడంతో పాటు, ఆ రోజు ఏ దారిలో నడవనిస్తున్నారో సిబ్బందిని అడిగి తెలుసుకోవడం తొలి పని. సెల్‌ఫోన్‌లోని పాత పటాన్ని నమ్ముకోవడం తగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క పూటలో ఈ కొండల రూపును మార్చివేసింది. ఒక్క గట్టి వానకే కాలిబాట కోసుకుపోవడం ఎర్రమట్టి నేలల్లో పరిపాటి.

కాలం లెక్క

నడకకు పట్టే సమయాన్ని అంచనా వేసేందుకు స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది. గంటకు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి వంద మీటర్లకు అదనంగా పది నిమిషాలు. ఆ ప్రకారం 150 మీటర్ల ఎక్కుడున్న ఆరు కిలోమీటర్ల దారికి 87 నిమిషాలు చాలాలి. కానీ అది చల్లని దేశపు లెక్క. ఇక్కడి ఉక్కపోత, వెంట ఉన్న పిల్లలు, ఫొటోల కోసం ఆగడాలు కలిపితే మరో సగం చేర్చక తప్పదు. అంటే రెండు గంటల పది నిమిషాలు. మనిషికి లీటరుకు పైగా నీరు అవసరం.

డిసెంబరు మొదట్లో విశాఖలో సాయంత్రం 5.20 ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్ చివరలో 6.30 దాటుతుంది. చెట్ల కింద చీకటి అంతకు ముందే కమ్ముకుంటుంది. మధ్యాహ్నం మూడు గంటలకు తీరిగ్గా బయలుదేరే బృందం డిసెంబరులో చీకట్లో చిక్కుకోవడం ఖాయం.

చుట్టుదారికి మరో చిక్కుంది. వెళ్లిన దారినే తిరిగి వచ్చే నడకలో అలసట తోచిన చోట వెనక్కి మళ్లవచ్చు, దారి అప్పటికే చూసినది. చుట్టుదారిలో సగం దాటాక ముందుకు వెళ్లడమే దగ్గర. ముందున్న దారి మాత్రం ఎవరూ చూసినది కాదు. అందుకే ఏ సమయానికి సగం చేరకపోతే వెనుదిరగాలో గేటు వద్దే నిర్ణయించుకోవాలి. ఎక్కుడు భాగం చల్లని వేళలో ముగిసేలా దిశను ఎంచుకోవడం మేలు. సముద్రం వైపున్న తూర్పు వాలుపై ఎండ ముందుగా పడుతుందన్నది మరువరాదు. 2025 చివర్లో రాష్ట్రంలో స్క్రబ్ టైఫస్ కేసులు కలకలం రేపాయి. పొదల్లోని సూక్ష్మమైన పురుగు కాటుతో ఆ జ్వరం సోకుతుంది కాబట్టి నిండు చేతుల చొక్కా, ప్యాంటు తప్పనిసరి.

దారి ఎవరిది?

అన్నింటికన్నా తక్కువ ఆలోచిస్తున్నది ఇదే. అభయారణ్యం పరిధిలో శంభువానిపాలెం వంటి గిరిజన ఆవాసం ఉంది. నగరవాసికి వారాంతపు విహారమైన బాట, అక్కడివారికి బడికి, కూలికి, ఆసుపత్రికి వెళ్లే దారి. బాట మొదట్లో కార్లు అడ్డంగా నిలిపితే ఆటోకే కాదు, 108 వాహనానికీ చోటుండదు. బృందం వరుసగా నడవకుండా దారంతా పరుచుకుంటే వెనుక వచ్చే సైకిలు పొదల్లోకి దిగాలి. సైకిలు నడిచేవారికి దారి ఇవ్వాలి, పశువులు ఎదురైతే అందరూ పక్కకు తొలగి మౌనంగా నిలబడాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లతో నడిచేవారికి వెనుక గంట వినబడదు, ముందు పొదలో అలికిడీ తెలియదు.

ప్రవేశ రుసుము తీసుకునే యంత్రాంగం దూరం, ఎక్కుడు, పట్టే సమయం, తిరిగి రావలసిన వేళ తెలుగులో రాసిన బోర్డును ప్రతి బాట మొదట్లో నిలపడం పెద్ద ఖర్చేమీ కాదు. లోపలికి వెళ్లినవారి ఫోను నంబరు, తిరిగి వచ్చిన సమయం నమోదు చేసే పుస్తకం గేటు వద్ద ఉంటే, చీకటి పడేలోగా ఎవరు రాలేదో సిబ్బందికి తెలుస్తుంది.