చీటీలో లేని సంగతులు

పరీక్షలు ముగిసి వేసవి సెలవులు వచ్చినంతనే హిందూపురమున పెక్కు మధ్యతరగతి గృహములలో ఒకే వాదము వినవచ్చుచున్నది. కుమారుడు గేమింగు కంప్యూటరు కావలెనని పట్టుబట్టును; అది చదువును పాడుచేయునని తండ్రి కసరును; ఇంజనీరింగులో చేరిన నాడు ఎట్లును కొనక తప్పదు గదా యని తల్లి నడుమ దూరి సంధి కుదుర్చును; తుదకు 50,000 రూపాయలకు ఒడంబడిక యేర్పడి, తండ్రీకొడుకులు ఉదయపు రైలులో బెంగళూరు చేరి, టౌన్‌హాలు చేరువనున్న ఎస్‌.పి. రోడ్డులో, ఇరుకు దుకాణముల వరుసలో, మూరెడు బల్ల ముందర నిలువబడుదురు. కంప్యూటరు భాగములమ్ము సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు మనకు రాత్రి ప్రయాణము. బెంగళూరు సుమారు నూరు కిలోమీటర్లు. విడిభాగముల విషయమున మన రాజధాని అదియే.

ఈ యంత్రమును ఆటబొమ్మ యని ఈసడించు పెద్దలతో నాకు పేచీ లేదు గాని, ఒక్క సంగతి చెప్పక మానజాలను. ధర్మవరపు మగ్గముపై అంచును, కొంగును నడిపించు జాకార్డు 1804 ప్రాంతమున ఫ్రాన్సులో పుట్టినది. దాని చిల్లుల అట్టలను చూచియే చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు ఆజ్ఞలిచ్చు ఉపాయమును గ్రహించెను. కనుక నేతవారి సీమలోనికి కంప్యూటరు వచ్చుటలో అప్రతిష్ఠ యేమియు లేదు. తెచ్చుకొను తీరులోనే తగవంతయు నున్నది.

దుకాణదారులు కాలిక్యులేటరు నొక్కుచు చీటీలపై గీకి యిచ్చు కొటేషన్లను కొన్నింటిని నేను చూచితిని. "ఐ7, 16 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్, ఆర్‌జీబీ క్యాబినెట్టు" అని వరుసగా నుండును. క్రింద ఒక మొత్తము. చూపునకు లోపమేమియు తోచదు. ఏ తరపు ఐ7 అను ప్రశ్నకు మాత్రము అందు సమాధానము లేదు. ఆ పేరుతో ప్రాసెసర్లు 2008 నుండియు వచ్చినవి. కంపెనీలు తీసివేసిన పాత యంత్రములలోని 2013 నాటి ఐ7 4770ని తుడిచి, క్రొత్త పెట్టెలో బిగించి, రంగురంగుల దీపములు అమర్చి అమ్మునపుడు, 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్ దానికంటె మెరుగుగా ఆటలాడించునని కొనువానికి ఎవరును చెప్పరు. ఏడు అంకె చూచి తండ్రి తృప్తిపడును, దీపములు చూచి కొడుకు. ఇక ఆ "2 జీబీ గ్రాఫిక్స్" అనునది పలుమారులు 2014 నాటి జీటీ 730. నేటి పెద్ద ఆటల ముందర అది ఉన్నను లేనట్లే.

మన పట్టుగూళ్ల మార్కెట్టులో రీలరు గూటి తళుకు చూచి పాట పాడడు. కిలో పట్టు దిగుటకు ఎన్ని కిలోల గూళ్లు పట్టునో, ఆ రెండిట్టా లెక్క మనసులో కట్టియే నోరు విప్పును. ఇచ్చటను అదే లెక్క కావలయును. తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నచో మొత్తము 20,73,600 అగును; సెకనునకు అరువది మారులు బొమ్మ మారవలెనన్న, పండ్రెండు కోట్ల పైచిలుకు చుక్కలకు ప్రతి సెకనును రంగు నిర్ణయింపవలయును. ఈ చాకిరిలో పెద్ద పాలు గ్రాఫిక్స్ కార్డుదే. 4కె తెర కొన్నచో అది నాలుగింతలగును. కనుక పరిమితధనుడు ముందుగా మానిటరును 1080 వద్ద నిలిపి, ఉన్న సొమ్ములో మూడవ వంతును, వీలైనచో ఇంకను కొంతను, కార్డునకే కేటాయించుట వివేకము. 2021 నాటి ఆర్‌ఎక్స్ 6600 గాని, 2023 నాటి ఆర్‌టీఎక్స్ 4060 గాని ఈ తెరకు చాలును. రెండింటికిని 8 జీబీ మెమరీ కలదు, రెండవది 115 వాట్లతోనే సరిపెట్టుకొనును. ప్రాసెసరు రైజెన్ 5 5600 వంటిదైన చాలును. ర్యామును 16 జీబీల ఒక్క స్టిక్కుగా గాక ఎనిమిదేసి జీబీల స్టిక్కులు రెండు కొనుట మేలు. అప్పుడు డేటా రెండు దారులలో నడచును. ఈ ర్యాము ధరయే ఇటీవల అందరిని ఏడిపించుచున్నది. కృత్రిమ మేధకై కట్టు డేటా కేంద్రములు మెమరీ చిప్పులను ఎగబడి కొనుచుండగా, క్రూషియల్ పేరిట సామాన్యులకు సాగించు అమ్మకమునే విరమింతుమని మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించినది. ఎక్కడో అమెరికాలో లేచుచున్న కట్టడము హిందూపురపు కుర్రవాని ఆటలో వాటా కోరుచున్నది!

ఇన్నియు 50,000లో, అందును మానిటరుతో కూడ, ఇముడకపోవచ్చును. అట్టి వారికి నేను చెప్పునది ఓర్పు. 2021 నాటి రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ విభాగము లోపలనే యున్నది. వేరు కార్డు లేకయే వాలరెంట్ వంటి ఆటలను తక్కువ సెట్టింగులలో అది ఆడించును. కార్డును దసరాకో సంక్రాంతికో చేర్చుకొనవచ్చును. చేర్చునపుడు చవుక గదా యని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని పట్టుకొనరాదు. అది బోర్డుతో డేటా మార్చుకొనుటకు నాలుగు దారులనే, అనగా లేనులనే, వాడుకొనును, 5600జీ ఇచ్చు లేనులు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడవ తరమువి యగుటచే ఆ నాలుగును ఇరుకై వేగము పడిపోవును.

పాత కార్డు అంటరానిదని నేననను. 2022 సెప్టెంబరు 15న గ్రాఫిక్స్ కార్డులతో సాగిన ఎథీరియం అను క్రిప్టో నాణెపు మైనింగు నిలిచిపోయిన పిమ్మట రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు సంతలోనికి విరివిగా వచ్చినవి. కన్నులయెదుట అరగంటసేపు ఆట ఆడించి చూపి, వారంటీ మిగిలిన బిల్లు చేతికిచ్చువాడు దొరికినచో తీసికొనవచ్చును. బిల్లు మాట వచ్చినది గనుక: 40,000 రూపాయల భాగములపై 18 శాతము జీఎస్టీ 7,200 రూపాయలు, "బిల్లు లేకున్న ఇంత తగ్గింతును" అను మాట తీయగా వినిపించును. కార్డు ఆగిపోయిన దినమున, బిల్లు లేనివాని మొర ఆలకించు నాథుడుండడు.

అందరును ఉపేక్షించునది, యంత్రమునకు విద్యుత్తు నందించు ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్టుతో ఉచితముగా వచ్చు దానిపై ఎన్ని వాట్లయినను అచ్చువేయవచ్చును. అది చెడునపుడు ఒంటరిగా చెడక బోర్డును, కార్డును వెంటబెట్టుకొని పోవచ్చును. 80 ప్లస్ ముద్ర విద్యుత్తు వృథా కాకుండుటకే గాని రక్షణకు పూచీ కాదు. పేరున్న కంపెనీది, 550 వాట్లది, వారంటీతో కొనవలయును. వోల్టేజి నిలుకడ లేని వీధులలో యూపీఎస్ కూడ అవసరమే. అయినను మొదటి ఖర్చు దీనికిని ముందుది, అది ఎర్తింగు. పాత ఇండ్లలో క్యాబినెట్టు ఇనుమును వట్టికాళ్లతో తాకినపుడు చేతికి చురుక్కుమనుట పలువురు ఎరిగినదే. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు కెపాసిటర్లనుండి భూమికి పోవలసిన కొద్దిపాటి విద్యుత్తు, ఎర్తింగు లేక, తాకినవాని దేహము గుండా పోవుటయే అందులకు కారణము. తండ్రులారా, ఒక్క భాగమును కొనకముందే ఎలక్ట్రీషియనును పిలిపించి ఆ గదిలోని సాకెట్టునకు ఎర్తింగు సరిచూపించుడు. ఆ ఖర్చును ఒప్పుకొన్న 50,000లోనుండియే తీయుడు.