మన్ను ముట్టిన చేతికి మన్నన

బడికి వచ్చిన బిడ్డ చేతికి మన్నంటినచో మందలించుట మనకు ఆచారమైపోయినది. ఇంటి ముంగిట గురుగులతో బువ్వలాట లాడిన బాలిక, పొలాల అమావాస్యకు మట్టియెడ్లను మలచిన బాలుడు, పాఠశాల గడప దాటినంతనే పలకకును పుస్తకమునకును బందీలగుచున్నారు. ఆ చేతులలోని విద్యను విద్యగా నెంచువారు అరుదు.

సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడు ప్రాంతమున, 2016లో మండల కేంద్రమైన సిర్గాపూరును దృష్టాంతముగా గైకొందము. నల్లవాగు జలాశయ మీ మండలముననే యున్నది. ఇట్టిచోట ప్రాథమిక పాఠశాలలో బొమ్మల పాఠమునకు బజారునుండి రంగుముద్దలు తెప్పింపవలసిన పనియేమి? వేసవిని చెరువడుగున దొరకు ఒండ్రుమట్టి చాలదా? నల్లరేగడి యొంటిగా ఎండిన బీటలువారును. సన్నని యిసుక కలిపిన నిలుచును. బొమ్మ బొటనవ్రేలి మందము మించక, నీడను మెల్లగా ఆరవలెను. తడి మిగిలియుండగా కాల్చినచో లోని నీరు ఆవిరియై దానిని పగులగొట్టును. సుమారు 600 డిగ్రీల వేడికి కాలిన మట్టి మరల నీట కరుగదు. ఇందు శాస్త్రమున్నది, కొలత యున్నది, ఓర్పున్నది. ఇంత చౌకగా నిన్ని పాఠములు చెప్పు పుస్తక మేది?

ఈ భావము క్రొత్తది కాదు. 1840లో శిశువిద్యాలయమునకు కిండర్‌గార్టెన్ అని పేరిడిన ఫ్రోబెల్ పండితుడు మట్టిపనిని బాలుర వ్యాసంగములలో చేర్చెను. 1937 అక్టోబరులో గాంధీమహాత్ముని అధ్యక్షతను వార్ధాలో జరిగిన సభ, చేతిపని కేంద్రముగా విద్య గరపవలెనని తీర్మానించెను. ఆ పథకమును రచించిన సంఘమునకు హైదరాబాదున జన్మించిన జాకీర్ హుసేన్ పండితుడే అధ్యక్షుడు. బిడ్డల శ్రమ నమ్మి బడి నడుపుదురా యని నాడు కొందరాక్షేపించిరి. ఆ శంక న్యాయమైనదే. కావున బడిలోని మట్టియెద్దు అంగడికి పోరాదు. విరిగినచో తడిపి మరల పిసుకవలెను.

మరి మన శాసనమేమి చెప్పుచున్నది? 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము 6 మొదలు 8 వరకు గల తరగతులలో, బాలురు నూర్గురు మించినచోట, కళలకు పాక్షికకాలపు బోధకుని విధించినది. మొదటి అయిదు తరగతులకు అదియును లేదు! వ్రేళ్లు లేతగా వంగు వయసున గురువు లేడు. బిరుసెక్కిన పిదప సగము గురువు.

ఈ లోటు తీర్చగలవాడు మన యూరనే గలడు. ప్లాస్టిక్కు బిందెలు, స్టీలు పాత్రలు వచ్చి సారె నాపిన కుమ్మరిని వారమున కొకనాడు బడికి పిలిచి, గౌరవవేతనమిచ్చి, ప్రధానోపాధ్యాయుని సరసను కూర్చుండబెట్టుడు. తండ్రి వృత్తిని చెప్పుకొనుటకు సిగ్గుపడు బిడ్డ, తోటివారు ఆయనను గురువుగారని పిలుచుట వినునుగాక! కుమ్మరి కొక యేడు, గుదియ కొక పెట్టు అన్నారు పెద్దలు. తరతరముల నేర్పు మన యుపేక్ష యను గుదియపెట్టుకు పగులనీయరాదు.

అక్షరములే రానివారికి మట్టిబొమ్మలా యని కొందరందురు. మట్టిని సన్నని త్రాడుగా చుట్టి ‘అ’ కారమును మలచిన బిడ్డకు ఆ యక్షరపు వంపులు కంటితోబాటు చేతికిని తెలియును. ఇది చదువునకు పోటి కాదు, తోడు.

గ్రామ పెద్దలారా, ఉపాధ్యాయులారా! దీనికై ఉత్తరువుల కొరకు ఎదురుచూడ పనిలేదు. గంపెడు మట్టి, కడివెడు నీరు, వారమున కొక గంట. ఆపై మందలింపక యూరకుండిన చాలును.