మా మాటలు నడిచే కచేరీలో మేమెక్కడ?

వకీలు, వకాల్తా, దావా, హాజరు, జామీను, నకలు. నారాయణఖేడ్ కోర్టు దగ్గర ఎక్కడ నిలబడినా చెవినపడే మాటలివి. అన్నీ ఉర్దూ మీదుగా తెలుగులోకి నడిచొచ్చినవే. మాటలు కోర్టులోనే ఉన్నాయి. వాటిని ఇంట్లో మాట్లాడేవాళ్ల పిల్లలు మాత్రం మెకానిక్ షెడ్లలో, పండ్లబండ్ల దగ్గర ఉన్నారు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. మా కథా అంతే.

'నిజాం వారసులు, మీకేం తక్కువ' అంటారు. నిజాం కచేరీల్లో ఉర్దూ రాజ్యమేలింది నిజమే. 1918లో పుట్టిన ఉస్మానియాలో చదువూ ఉర్దూలోనే సాగింది. తెలుగు రైతు తన గోడు తన భాషలో చెప్పుకోలేకపోయాడు. అది అన్యాయం. మేం దాన్ని వెనకేసుకురాం. కానీ ఆ కుర్చీలు మావా? దూది ఏకేవాడికీ, జట్కా తోలేవాడికీ ఆ కచేరీలో వరండా దాటి చోటెక్కడిది? 1948లో కుర్చీలు పోయింది కొందరికే. అనుమానం మాత్రం అందరికీ పంచారు.

నారాయణఖేడ్ 1956 దాకా బీదరు జిల్లాది. తర్వాత మెదక్‌లో, 2016లో సంగారెడ్డిలో చేరింది. సరిహద్దు ఊరు. ఇక్కడ నాలుగు భాషలు ఒకే సంతలో తిరుగుతాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. చప్పట్లు కొట్టాం. 2023 జ్యుడీషియల్ సర్వీసు నియమాలొచ్చాక తెలిసింది, జడ్జి కావాలంటే తెలుగు రావాల్సిందే, ఆ చోట ఉర్దూ చెల్లదని. ఇదేమిటని అడిగిన పిటిషన్‌ను హైకోర్టు ఒప్పుకోలేదు. 2025లో సుప్రీంకోర్టూ కొట్టేసింది.

తెలుగు వద్దని మేం అనడం లేదు. తెలుగు మాదీనూ. ఈ నాలుగు ముక్కలూ తెలుగులోనే రాస్తున్నాం. ఉర్దూ తప్ప రాని ముసలమ్మ సాక్ష్యం చెప్పేరోజు జడ్జికి ఆ భాష అర్థమైతే తప్పేముంది? నిన్న తెలుగు రైతుకు జరిగింది ఇవాళ ఆమెకు జరగాలా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కోర్టు తలుపు తెరిచేదాకా కూర్చోకండి. తెలుగు బాగా నేర్వండి, ఇంగ్లీషు నేర్వండి, ఉర్దూ మాత్రం వదలకండి. ఉర్దూ ముషాయిరాకే కాదు, అన్నానికీ పనికొస్తుంది. తెలంగాణలో భూమి తగాదా లోతుకు తవ్వితే సేత్వార్లు, మున్తఖబ్‌లు బయటపడతాయి. అవి చదివే వకీళ్లు తగ్గిపోతున్నారు. 2025 సవరణ చట్టం వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ పోర్టల్‌కెక్కించమంది. ఖబ్రస్తాన్ కాగితం పట్టుకుని ఊరంతా ఎవరి దగ్గరికి పరుగెత్తాలి? నోటీసులు కంప్యూటరే రాసిపెట్టే కాలం వచ్చింది. పాత కాగితం చదివి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలవాడికి పని పోదు.

పెద్దలకొక మాట. 2024లో సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంటు ఫీజు 750 రూపాయలు దాటకూడదంది. మంచిదే. ఆ తర్వాత జూనియర్‌గా చేతికేమీ రాని ఏళ్లు ఎవరు మోస్తారు? వలీమాలో నాలుగు వంటకాలు తగ్గించండి. మీ బస్తీ నుంచి ఒక పేదింటి ఆడపిల్ల నల్లకోటు వేసుకుంటుంది.

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. సభల్లో మా పక్కన నిలబడుతున్నారు, సంతోషం. మీ ఆఫీసుల్లో మా పిల్లలను జూనియర్లుగా పెట్టుకోండి. తలాక్ కేసులు, బెయిలు కేసులు వాళ్లకని పక్కన పడేయకండి. భూమి దావా ఇవ్వండి, కంపెనీ దావా ఇవ్వండి. గెలుస్తారో ఓడుతారో అప్పుడు చూద్దాం.