పలనాట్లో నాపరాయికి చోటు లేదట!

ఈ వారం నరసరావుపేటలో మా పెదనాన్న కొడుకు ఇంటికి వెళ్లేసరికి వంటింట్లో బ్రేకర్ మోత చెవులు చిల్లులు పొడుస్తోంది. పెదనాన్న ఎప్పుడో దగ్గరుండి వేయించిన నాపబండల్ని పగలగొట్టి ట్రాక్టరుకెత్తుతున్నారు. చిట్లిన బండ లేదు, కుంగిన బండ లేదు. నూనె చుక్కలూ కాళ్ల రాపిడీ తిని తిని నల్లగా నిగనిగలాడుతున్నాయి. "ఇంకా ఈ బండలెవరు ఉంచుకుంటున్నార్రా, మరీ పల్లెటూరి కొంపలా ఉంటేనూ" అన్నాడు అన్నయ్య. వాటి బదులు గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ దిగాయి. తెల్లటి పలక మీద పాలరాతి చారలు అచ్చు కొట్టి ఉన్నాయి. ఉన్న రాయిని పగలగొట్టి, రాయి బొమ్మను నేలంతా పరిపించుకోవడం! దీన్ని కొత్తదనం అంటే అననివ్వండి, నాకు మాత్రం ఒళ్లు మండింది.

పలనాటివాడికి రాయి గురించి ఒకరు చెప్పాలా? శ్రీనాథుడి పేరున చెప్పుకునే చాటువుల్లోనే మన రాళ్ల మీద ఎగతాళి ఉంది. ఈ నాపరాయి కూడా సున్నపురాయే. పిడుగురాళ్ల బతుకంతా సున్నపు బట్టీల మీద నడిచింది. దాచేపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ ఈ రాయి కోసమే. మాచర్ల పలకలంటే బయటి జిల్లాల మేస్త్రీలకూ తెలుసు. దుర్గి శిల్పుల చేతిపనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. ఇక అమరావతి స్తూపానికి తొడిగిన శిల్పఫలకాలు ఈ పలనాటి సున్నపురాతివే. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన పలకలు తర్వాత ఓడెక్కి లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో నూటికి పైగా ఫలకాలు ఉన్నాయి, వాటిలో కొన్నిటిని అద్దాల వెనక పెట్టి చూపిస్తున్నారు. ఈ రాతిని 'పలనాడు మార్బుల్' అని రాసిన పండితులూ ఉన్నారు. రెండు వేల ఏళ్లుగా నిలిచిన సరుకు నరసరావుపేట వంటింట్లో ముప్ఫై ఏళ్లకే పాతబడిపోయింది.

అన్నయ్యకు ఇంటీరియర్ కుర్రాడు ఫోన్‌లో రెండు రకాల వంటిళ్లు చూపించాడు. ఒకటి ఇప్పటి ఫ్యాషన్: పిడుల్లేని తలుపులు, బూడిదరంగు మ్యాట్ ఫినిష్, గీతల గాజు, గట్టు కింద సన్నగా వెలిగే లైటు. రెండోది ఎప్పటికీ పాతబడనిదట: తెల్ల తలుపులు, ఇత్తడి పిడులు. నేను వెనకనుంచి తొంగిచూశాను. లోపల ప్లైవుడ్ ఒకటే, కీళ్లు ఒకటే, కొటేషన్‌లో చదరపు అడుగు ధరలో కూడా పెద్ద తేడా లేదు. మారిందల్లా తలుపు మీది రేకు. ఎప్పటికీ పాతబడనిది అన్న మాట కూడా ఒక ఫ్యాషనే, రెండో పేజీలో అమ్ముతారు.

గుర్తు చేసుకోండి. ఒకప్పుడు గోడకి స్టీలు స్టాండు, దానికి వరసగా వేలాడే పళ్లేలు ఉంటే అది గొప్పింటి వంటగది. తర్వాత మొజాయిక్ నేల. ఆ తర్వాత గులాబీరంగు సన్‌మైకా. ఆపైన ఎరుపూ తెలుపూ కలిసిన అక్రిలిక్, దాని మీద గులాబీ పువ్వో ద్రాక్షగుత్తో ఉన్న గాజు. ఇవన్నీ వచ్చిన ఏడు ఎప్పటికీ పాతబడవనే అన్నారు. ఇప్పుడు ఆ గులాబీ సన్‌మైకా తలుపులు పెరట్లో కోళ్లగూటికి అడ్డం పెట్టి ఉన్నాయి. నాపబండ మాత్రం మొన్నటిదాకా అన్నిటి కిందా కదలకుండా ఉంది.

నేను చెప్పేది చాదస్తం అనుకోకండి. ఫ్యాషన్ వద్దని కాదు. పదేళ్లకోసారి మోజు తీరేవాటి మీద తక్కువ పెట్టండి, పగలగొడితే తప్ప మారనివాటి మీద ఎక్కువ పెట్టండి. తలుపులు, పిడులు, రంగు, లైట్లు: ఇవి మొదటి రకం. నేల, గట్టు, కిటికీ, నీళ్లు పోయే దారి, ప్లగ్గు పాయింట్లు: ఇవి రెండో రకం. మనవాళ్లు దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు. తలుపులకు లక్షలు పోసి, సింకు కింద పైపు దగ్గర పీనాసితనం చూపిస్తారు. ఆ పైపు కారుతుంది, ప్లైవుడ్ ఉబ్బుతుంది, మూడో ఏటికి సాఫ్ట్ క్లోజ్ తలుపు మూయాలంటే మోకాలు అడ్డం పెట్టాలి.

మన నీళ్ల సంగతి కూడా ఆ ఇంటీరియర్ కుర్రాడికి తెలియదు. సున్నపురాతి నేలలోంచి వచ్చే బోరునీళ్లు. నల్లగా మెరిసే తలుపు మీద రెండు చుక్కలు ఆరితే తెల్లటి మచ్చలు లేస్తాయి. రోజూ తుడవడానికి మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు.

ఎండ సంగతి మరీనూ. వేసవి వస్తే పేపర్లో రెంటచింతల పేరు లేకుండా ఎండల వార్త ఉండదు. అలాంటి సీమలో గ్యాసు పొయ్యి ముందు నిలబడే మనిషికి కావలసింది ఎదురెదురు కిటికీలు. అన్నయ్య ఇంట్లో ఉన్న ఒక్క కిటికీనీ అలమార కోసం మూసేశారు. చిమ్నీ ఉందిగా అన్నారు. అడిగితే అది గొట్టం లేని రకం. పొగని లోపలికి పీల్చి, బొగ్గు ఫిల్టర్‌లో వడకట్టి, మళ్లీ గదిలోకే వదులుతుంది. వేడి ఎక్కడికీ పోదు, ఆవిరి ఎక్కడికీ పోదు. పైగా హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేశారు. తాలింపులో నాలుగు ఎండుమిరపకాయలు మాడితే చాలు, హాల్లో సోఫా మీద కూర్చున్న వియ్యంకుడు కూడా దగ్గాల్సిందే. మిరప పండించే జిల్లాలో, మిరపఘాటు సంగతి మరచి వంటిల్లు కట్టడం మనకే చెల్లింది.

ఇంకో చిత్రం చూశాను. లాగుడు అరలన్నీ అంగుళాల లెక్కన కట్టారు. గరిటెలకో అర, చెంచాలకో అర, కప్పులకో అర. పాతిక కిలోల బియ్యం బస్తాకి చోటు లేదు. ఆవకాయ జాడీ ఏ అరలోనూ నిలబడదు, మూత తగులుతుంది. గోంగూర, పండుమిరప, చింతకాయ జాడీలన్నీ మెట్ల కిందకి పోయాయి. "ఫొటోకి బానే ఉంటుందిలే నాయనా, పచ్చడి నూరుకోవాలంటే మాత్రం పెరట్లోకి పోవాల" అంది వదిన. ఆమెను ఎవరూ అడగలేదు. డిజైన్ ఓకే చేసింది డల్లాస్‌లో ఉన్న కొడుకు, వీడియో కాల్‌లో. వాడు ఏడాదికి ఒకసారి వస్తాడు, వచ్చినా వంటింట్లోకి మంచినీళ్ల కోసం తప్ప రాడు.

ఈ మాడ్యులర్ వంటింటికి పెద్దమ్మ లాంటిది జర్మనీలో పుట్టింది. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికులకు ఇళ్లు కడుతుంటే మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఆ ఇళ్లకు వంటగది గీసింది. ఆరడుగుల పైచిలుకు వెడల్పు, పదకొండు అడుగుల పొడవు, అంతే. అలాంటివి పదివేల దాకా కట్టారు. అప్పటికి తనకు వంటా ఇంటిపనీ అలవాటు లేవని ఆమే తర్వాత చెప్పుకుంది. కానీ ఏ పనికి ఎంతసేపు పడుతుందో, ఏ మూల నుంచి ఏ మూలకి ఎన్ని అడుగులు వేయాలో గడియారం పెట్టి లెక్కగట్టిన కాలం అది. పప్పులకీ పంచదారకీ ఒంపుకోవడానికి వీలైన అల్యూమినియం సొరుగులు పెట్టింది. పిండి సొరుగు మాత్రం ఓక్ చెక్కతో చేయించింది, పురుగు పట్టదని. మన ఇంటీరియర్ వాళ్లలోనూ చాలామందికి వంట రాదు, అందులో తప్పేం లేదు. బియ్యం ఎంత తెస్తారు, జాడీలెన్ని అని ఒక్క ప్రశ్న వేయరు చూడండి, కోపం అక్కడ.

గట్టు ఎత్తు కూడా అంతే. అమెరికాలో వంటగట్టు ఎత్తు 36 అంగుళాలు. అక్కడి మనుషులకు అది సరి. మన ఆడవాళ్ల సగటు ఎత్తు అయిదడుగులు. పాత మేస్త్రీలు 32, 33 అంగుళాలకు కట్టేవాళ్లు, చేసే మనిషిని నిలబెట్టి చూసి మరీ. మోచెయ్యి మడిచిన చోటు నుంచి నాలుగంగుళాల కిందికి గీత గీస్తే అదే గట్టు. ఫోన్‌లో ఆ కొలత దొరకదు. ఎత్తు గట్టు మీద చపాతీ ఒత్తే మనిషి భుజం ఏమవుతుందో ఎముకల డాక్టర్లను అడగండి.

నాపరాయి మీద ఇంత ప్రేమ ఉన్నా, దాన్ని గట్టు మీద మాత్రం వేయమని చెప్పను. సున్నపురాయికి పులుపు పడదు. చింతపండు రసం ఒలికి పది నిమిషాలు ఆగితే మెరుపు పోతుంది, నిమ్మచెక్క పెడితే గుండ్రంగా మచ్చ దిగుతుంది. గట్టుకు గ్రానైటే మంచిది, పక్కనే చీమకుర్తి ఉంది. నేలకు మాత్రం నాపరాయి. తడికాలితో జారదు, పప్పుగిన్నె చేజారితే టైల్‌లా పెచ్చు లేవదు, పాతబడితే పాలిష్ పట్టించుకోవచ్చు. ఒక్కటే షరతు, బాత్రూం కడిగే యాసిడ్ దాని మీద పోయకూడదు. మనవాళ్లు యాసిడ్ పోసి, మచ్చలు పడ్డాయని రాయిని తిడతారు.

గట్టు మాట వచ్చింది కాబట్టి అసలు కడుపుమంట చెప్పుకోనివ్వండి. ఈమధ్య గ్రానైటు కూడా పాతబడిందట, క్వార్ట్జ్ కావాలట. అది గనిలోంచి వచ్చే పలక కాదు. పలుగురాతి పొడిని రెసిన్‌తో కలిపి నొక్కి చేసిన పలక. గ్రానైటులో స్ఫటిక రూపంలోని సిలికా ముప్పై శాతం చుట్టూ ఉంటే ఇందులో తొంభై శాతం దాకా ఉండొచ్చు. కోసేటప్పుడు లేచే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగితే సిలికోసిస్, దానికి మందు లేదు. ఆస్ట్రేలియాలో కుర్రవయసు పనివాళ్లు ఈ జబ్బున పడుతుంటే, 2024 జూలై 1 నుంచి ఆ దేశం అలాంటి పలకలనే నిషేధించింది. అక్కడ నిషేధించిన దాన్ని ఇక్కడ మనం ఫ్యాషనని నెత్తిన పెట్టుకుంటున్నాం. మా అన్నయ్య దాన్నే ఎంచుకున్నాడని వేరే చెప్పాలా?

ఆ రోజు వాకిట్లో చూశాను. ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాడు, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, గొంతుక్కూర్చుని పలక కోస్తున్నాడు. కనుబొమలూ వెంట్రుకలూ తెల్లగా అయిపోయాయి. పక్కన కుళాయి ఉంది, నీళ్లున్నాయి. "తడిగా కోస్తే ఆలస్యమవుద్ది సార్, ఇయ్యాలే రెండిళ్లున్నాయి" అన్నాడు. ఇంటివాళ్లు దుమ్ము లోపలికి రాకుండా తలుపు మాత్రం గట్టిగా మూశారు. క్వారీల్లోనూ పాలిషింగ్ షెడ్లలోనూ ఇదే వరస. సున్నపు బట్టీల దగ్గర పనిచేసిన వాళ్ల దగ్గు పలనాట్లో ఎవరికి తెలియదు? ఏ రాయైనా దుమ్ము దుమ్మే, నా నాపరాయికీ మినహాయింపు లేదు. రాళ్ల మీద బతికే జిల్లా, రాళ్లు కోసేవాడి ఊపిరి గురించి ఏ సభలోనైనా మాట్లాడగా మీరు విన్నారా? నేను వినలేదు.

వంటిల్లు మార్చాలనుకుంటున్న వాళ్లకు ఈ వారం నా మనవి ఒక్కటే. తలుపు రంగు మీ ఇష్టం. బండ కోసే రోజు మాత్రం నీళ్ల గొట్టం ఉన్న మిషనే తెమ్మని మేస్త్రీకి ముందే చెప్పండి, కోసేవాడికి తువ్వాలు కాదు, సరైన మాస్కు కొనివ్వండి, దానికి రెండు గంటలు ఎక్కువ పట్టినా ఆ కూలి మీరే ఇవ్వండి.