పిల్లి లేని మడనూ కాపాడాలి

మడ అడవుల అంచున చెరువు తవ్వాలన్నా, రోడ్డు వేయాలన్నా మొదట వచ్చే మాట ఒకటే: ‘అక్కడ జంతువులేమీ లేవు, సర్వేలో కనబడలేదు’. కృష్ణా డెల్టాలో బావురు పిల్లి బతుకును దెబ్బతీసేది ఈ మాటే.

బావురు పిల్లి ఇంటి పిల్లి కంటే చాలా పెద్దది. కాలి వేళ్ల మధ్య పలుచటి పొర ఉంటుంది. రాత్రిపూట గట్టు అంచున కాచుకుని కూర్చుని, చేప కదిలిందంటే నీళ్లలోకి దూకుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు ఇదీ మొదటి షెడ్యూలులోనే ఉంది. నాగాయలంకకు దిగువనున్న సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ వంటి మడలను కలిపి కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. పిల్లి మాత్రం అక్కడే ఉండిపోదు. మురుగు కాల్వల వెంట జమ్ము, తుంగ దట్టంగా ఉంటే వాటి చాటున చేపల చెరువుల దాకా వస్తుంది.

ముక్కలైన ఆవాసాల్లో ఒక జాతి ఎలా నిలుస్తుందో అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ లెవిన్స్ 1969లోనే లెక్క కట్టారు. ఆ ముక్కల్లో ఏదో ఒకచోట జంతువులు అంతరించిపోవడం మామూలే. పక్క ముక్కల నుంచి కొత్తవి వచ్చి చేరుతున్నంత కాలం జాతి నిలుస్తుంది. ఖాళీ ముక్కలను నాశనం చేస్తూ పోతే వలస వచ్చిన వాటికి చోటు దొరకదు. ఒక హద్దు దాటాక, కొంత ఆవాసం మిగిలి ఉండగానే జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఫిన్లాండ్‌లోని ఓలాండ్ దీవుల్లో ఇల్కా హాన్‌స్కీ బృందం ఒక సీతాకోకచిలుకపై ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. అక్కడ దానికి అనువైన పచ్చిక బయళ్లు దాదాపు 4,000. ఏ ఏడాది చూసినా వాటిలో ఎక్కువ భాగం ఖాళీయే. ఆ ఖాళీలే దాన్ని నిలబెడుతున్నాయి.

మన దగ్గర ఈ లెక్క ఇంకా కీలకం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఎలా ముంచిందో ఎవరూ మరువలేదు. అలాంటిది మళ్లీ వస్తే ఒక దిబ్బ మీది పిల్లులన్నీ ఒక్క రాత్రిలో పోవచ్చు. పక్క మడ నుంచి దారి ఉంటేనే ఆ దిబ్బ మళ్లీ నిండుతుంది.

ఆ దారి డ్రెయిన్ గట్టు. పూడికతీతలో పొక్లెయిన్ దిగితే గుర్రపుడెక్కతో పాటు రెండు పక్కలా జమ్మునూ వేళ్లతో పెకలించి గట్టున కుప్ప పోస్తుంది. మిగిలేది బోడి మట్టి. దాక్కునే చోటు లేని అలాంటి గట్టు మీద పిల్లి నడవదు. పూడిక తీయొద్దని ఎవరూ అనలేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన తరువాత అసలే అనలేరు. ఒక ఏడాది ఒక గట్టు, మరుసటి ఏడాది రెండో గట్టు శుభ్రం చేసినా నీరు పారుతుంది, దారీ మిగులుతుంది. 216వ జాతీయ రహదారి డ్రెయిన్లను దాటే కల్వర్టుల్లో నీటి మట్టానికి పైన పొడి మెట్టు ఒకటి కట్టినా చాలు, జంతువు రోడ్డెక్కి లారీ కింద పడే ప్రమాదం తగ్గుతుంది.

కృష్ణా మడలకూ కోరంగి మడలకూ మధ్యనున్న పెద్ద చిత్తడి కొల్లేరు. ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా ఉన్న కొల్లేరు అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండ్ ఏళ్లుగా ఉంది. అక్కడి రైతుల ఇబ్బంది నిజమే, దానికి పరిహారం ఇవ్వాలి. అంచులను కోసెయ్యడం మాత్రం తప్పు, ఎందుకంటే వలస జీవులు ముందు ఆగేది అంచుల్లోనే.

అభయారణ్యం బయట పిల్లి బతకదనీ అనలేం. ఒడిశాలోని చిలికాలో రక్షిత ప్రాంతాల వెలుపల 176 బావురు పిల్లులున్నాయని 2022లో అంచనా వేశారు.

డ్రెయిన్ల పూడికతీతకు ఈసారి టెండర్లు పిలిచే ముందు జలవనరుల శాఖ, అటవీ శాఖ కలిసి కూర్చోవాలి. ఒక గట్టున జమ్మును ముట్టుకోకూడదన్న షరతును ఒప్పందంలోనే రాయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, అదనపు ఖర్చూ పెద్దగా ఉండదు.